మా బడికి మా అమ్మాయిని పంపాలా, వద్దా?

పేరు, ఊరు రాయవద్దని కోరిన ఒక టీచరమ్మ ఉత్తరం ఇది. వాళ్ళది చిన్న పట్టణం. హైస్కూళ్ళు మూడే ఉన్నాయి. ఆఫీసుల వైపు ఉన్నది ఫీజు కట్టి చదివే బడి. ఉద్యోగుల పిల్లలు, వ్యాపారుల పిల్లలు అక్కడికి వెళ్తారు. పాత ఊళ్ళో ఉన్న బడికి అన్ని రకాల ఇళ్ళ నుంచీ వస్తారు. మిల్లు వైపు ఉన్న మూడో బడిలో కూలి పనులు చేసుకునేవాళ్ళ పిల్లలు, పని వెతుక్కుంటూ వేరే చోట్ల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఎక్కువ. వాళ్ళలో చాలామందికి ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, బడిలో చదివే భాష ఇంకొకటి. మన పాఠకురాలు ఆ మూడో బడిలో 14 ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నారు.

ఆమె కూతురు ఇప్పుడు ఐదో తరగతి. వచ్చే ఏడాది ఈ మూడింట్లో ఏదో ఒక బడిలో చేరాలి. ఈసారి ఆఖరి పరీక్షలో ఆఫీసుల వైపు బడిలో నూటికి 85 మంది, పాత ఊరి బడిలో 74 మంది, మిల్లు వైపు బడిలో 63 మంది గట్టెక్కారు. మిల్లు బడిలో నిరుడు 71గా ఉన్నది ఈసారి 63కి పడింది. పరీక్ష రాసింది 38 మంది.

భర్త కూడా ఒకప్పుడు అదే మిల్లు బడిలో చదువుకున్నారు. వాళ్ళ ఇంట్లో మొదట ఉద్యోగం సంపాదించింది ఆయనే. "నేను పడ్డ కష్టం నా కూతురు పడకూడదు, 85 ఉన్న బడి ఉండగా 63 ఉన్న బడికి ఎందుకు?" అన్నది ఆయన మాట. హెడ్మాస్టరు మాత్రం స్టాఫ్ రూములో అందరి ముందూ, "మన పిల్లల్నే మనం ఇక్కడ చేర్చకపోతే ఊరివాళ్ళు ఎందుకు చేరుస్తారు?" అన్నారట. ఆయన ఎవరినీ చూసి అనకపోయినా తనకే తగిలిందని ఆమె రాశారు. ఈ గొడవంతా వింటున్న కూతురు ఒకరోజు, "అమ్మా, నువ్వు చెప్పే బడి మంచిది కాదా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక మాట మార్చానని, ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాశారు. "కూతురిని అక్కడ చేరిస్తే నా పిల్లలకు ద్రోహం చేసినట్టు, ఇక్కడ చేరిస్తే నా కూతురికి ద్రోహం చేసినట్టు ఉంది. ఏం చేయమంటారు?" ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "నా పిల్లలు" అన్న మాటను మీరు బడి పిల్లల గురించి వాడారు. రాసేటప్పుడు మీరు గమనించి ఉండరు. మీ మనసు ఎక్కడ ఉందో ఆ ఒక్క మాట చెబుతోంది. అందుకే మిమ్మల్ని ఇటు వెళ్ళమనో అటు వెళ్ళమనో ఆజ్ఞాపించను. మీ ముందున్న చిక్కులో రెండు మూడు వేర్వేరు ముడులు కలిసిపోయాయి. ముందు వాటిని విడదీద్దాం.

మొదటిది ఆ అంకెలు. 85, 74, 63 అని పక్కపక్కన చూడగానే ఎవరికైనా ఒకటే అర్థం అవుతుంది: మొదటి బడిలో చదువు బాగా చెబుతారు, మూడో బడిలో చెప్పరు. మీరు లెక్కల టీచరు కాబట్టి మీతో ఒక లెక్క చేస్తాను. ఈ విభజన నేను ఊహించింది, మీ ఊరి అసలు లెక్క కాదు. ఆఫీసుల వైపు బడిలో 100 మంది పిల్లలున్నారనుకోండి. వాళ్ళలో 90 మందికి ఇంట్లో చదువు చెప్పేవాళ్ళు, కూర్చుని చదువుకునే చోటు, బడి భాష అన్నీ ఉన్నాయి. 10 మందికి లేవు. ఆ 90 మందిలో 81 మంది, ఈ 10 మందిలో నలుగురు గట్టెక్కారు. మొత్తం 85. ఇప్పుడు మీ బడి. ఇక్కడ ఆసరా ఉన్నవాళ్ళు 20 మందే, లేనివాళ్ళు 80. ఆ 20 మందిలో 19 మంది, ఈ 80 మందిలో 44 మంది గట్టెక్కారు. మొత్తం 63.

మళ్ళీ ఒకసారి చూడండి. ఆసరా ఉన్న పిల్లలు అక్కడ నూటికి 90 మంది గట్టెక్కితే మీ దగ్గర 95. ఆసరా లేని పిల్లలు అక్కడ నూటికి 40 అయితే మీ దగ్గర 55. రెండు రకాల పిల్లలకూ మీ బడే మెరుగు. అయినా ఫలితాల బోర్డు మీద మీకు 63, వాళ్ళకు 85. గణాంకశాస్త్రంలో దీన్ని సింప్సన్ వైరుధ్యం అంటారు. ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో దీని గురించి రాశాడు. మీ ఊళ్ళో నిజంగా ఇలాగే ఉందని నేను అనడం లేదు. నిజంగానే మీ బడిలో చదువు చెప్పడం బలహీనంగా ఉండవచ్చు కూడా. ఆ అంకెను మాత్రమే చూసి ఏ సంగతీ తేల్చలేమన్నదే నా మాట. అందులో ఎక్కువ భాగం గేటులోంచి లోపలికి వచ్చింది ఎవరో చెబుతుంది, లోపల ఏం జరిగిందో తక్కువ చెబుతుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాక, ఆ చట్టం ఆదేశం మీదే జేమ్స్ కోల్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం ఆరు లక్షల మందికి పైగా పిల్లల వివరాలు సేకరించింది. నల్లజాతి పిల్లలు వెనకబడటానికి కారణం వాళ్ళ బడులకు డబ్బు, భవనాలు, పుస్తకాలు తక్కువగా ఉండటమేనని తేలుతుందని అప్పట్లో చాలామంది అనుకున్నారు. 1966లో నివేదిక వచ్చేసరికి అందులో ఉన్నది వేరు. పిల్లల మార్కుల్లో తేడాలకు బడి వసతుల కంటే ఇంటి నేపథ్యంతోనే ఎక్కువ సంబంధం కనిపించింది. అదే నివేదికలో జనం అంతగా పట్టించుకోని మాట ఇంకొకటి ఉంది. టీచరు మంచివాడైతే వచ్చే తేడా, ఇంట్లో ఆసరా తక్కువగా ఉన్న పిల్లల్లోనే ఎక్కువగా కనిపించింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇక 71 నుంచి 63కి పడిపోయిందన్న మీ దిగులు. 38 మందిలో 27 మంది గట్టెక్కితే 71, 24 మంది గట్టెక్కితే 63. తేడా ముగ్గురు పిల్లలు. ఒకరికి పరీక్ష రోజున జ్వరం, ఒకరి కుటుంబం ఏడాది మధ్యలో ఊరు మారింది, ఒకరు ఒక్క మార్కులో పోయారు... దీనికి అంతకంటే పెద్ద కారణం ఉండాల్సిన పనిలేదు. థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో ఇదే చూపించారు. పిల్లలు తక్కువగా ఉన్న బడుల ఫలితాలు ఏడాదికీ ఏడాదికీ బాగా ఊగుతాయి. అందుకే మెచ్చుకోలు జాబితాలోనూ, తిట్లు తినే జాబితాలోనూ చిన్న బడులే ఎక్కువగా కనిపిస్తాయి. నిరుటి 71కి మీరు పొంగిపోయి ఉంటే అది ఎంత తొందరపాటో, ఈసారి 63కి కుంగిపోవడమూ అంతే. కనీసం ఐదారేళ్ళ అంకెలు కలిపి చూడండి.

ఇప్పుడు మీవారి మాట. ఆయన మీద మీకు కొంచెం కోపం ఉన్నట్టు ఉత్తరంలో కనిపించింది. నాకు మాత్రం ఆయన భయం అర్థమైంది. ఆయన ఆ బడిని లోపలి నుంచి చూసినవాడు. చదువుకోవాలని ఉన్నా సాయం దొరకని ఏళ్ళు ఆయనకు గుర్తున్నాయి. ఆ మాటలో గొప్పలకు పోవడం ఏమీ లేదు. కానీ ఆయన ఒక చిన్న సంగతి మరిచిపోతున్నారు. అప్పుడు ఆయనకు లేనిది మీ అమ్మాయికి ఉంది. ఇంట్లో లెక్కల టీచరు ఉంది, చదువు విలువ తెలిసిన తండ్రి ఉన్నాడు. మీ అమ్మాయి ఏ బడికి వెళ్ళినా, పైన చెప్పిన లెక్కలో ఆసరా ఉన్న గుంపులోనే ఉంటుంది. 63 అన్న అంకె ఆమె గురించి చెప్పేది చాలా తక్కువ. 85 కూడా అంతే.

"మంచి బడిలో పడితే చాలు, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పైకి వస్తారు" అని చాలామంది నమ్ముతారు. దాన్ని పరీక్షించడానికి ఒక తెలివైన దారి ఉంది. బోస్టన్, న్యూయార్క్ నగరాల్లో ప్రవేశపరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే పేరున్న ప్రభుత్వ హైస్కూళ్ళున్నాయి. ఒక్క మార్కు ఎక్కువ వచ్చి సీటు దొరికినవాళ్ళనూ, ఒక్క మార్కు తక్కువై సీటు పోయినవాళ్ళనూ పోల్చారు. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న పిల్లలు దాదాపు ఒకటే రకం కదా. 2014లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం, తోటి పిల్లలు అంత చురుకైనవాళ్ళయినా సీటు దొరికినవాళ్ళ పరీక్ష మార్కుల్లో చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. మన దగ్గరి సంగతి కూడా ఒకటి ఉంది. 2008లో ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు లాటరీ తీసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. లాటరీ తగిలినవాళ్ళనూ తగలనివాళ్ళనూ నాలుగేళ్ళ తర్వాత పోల్చితే తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు బడి పిల్లలు బాగా ముందున్నారు. ఆ బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయమే ఇచ్చి, చాలా తక్కువ ఖర్చుతో అంతే ఫలితం తెచ్చాయన్నది కూడా అందులోనే ఉంది. కాబట్టి ఆ అధ్యయనాన్ని చూపించి ఎవరినీ ఓడించలేం. మీవారి ముందు కూడా దాన్ని అలా వాడకండి. ఫీజుకూ నేర్చుకోవడానికీ మధ్య తిన్నని దారి లేదని తెలిస్తే చాలు.

అలాగని ఏ బడి అయినా ఒకటేనని మాత్రం అనుకోకండి. నేను అలా అనలేను. లోపలికి వెళ్ళి చూస్తే బడికీ బడికీ చాలా తేడా ఉంటుంది. టీచర్లు ఏడాదంతా నిలుస్తారా, మధ్యలో మారిపోతారా? సైన్సుకు విడిగా టీచరు ఉన్నారా, ఖాళీగా ఉన్న ఆ పీరియడు మీలాంటివాళ్ళే సర్దుతున్నారా? ప్రయోగశాల తాళం ఎన్నిసార్లు తీస్తారు? తరగతిలో అల్లరి వల్ల ఎంత సమయం పోతుంది? తప్పు చెప్పిన పిల్లవాడికి ఎలాంటి జవాబు వస్తుంది? ఇవన్నీ మీ అమ్మాయికి నిజంగా తగిలే విషయాలు. వీటిలో ఒక్కటీ ఫలితాల బోర్డు మీద ఉండదు. మీ బడి గురించి వీటికి జవాబులు మీకు బాగా తెలుసు. ఉత్తరంలో ఎందుకో ఒక్కటీ రాయలేదు. రాయకపోవడానికి కారణం ఏమిటో మీరే ఒకసారి ఆలోచించుకోండి. జవాబులు బాగా లేవా, లేక బోర్డు మీది అంకె వల్ల మీకే మీ బడి మీద నమ్మకం సడలిందా? ఈ రెండింటికీ చేయాల్సిన పనులు వేరు.

మిగతా రెండు బడులకూ వెళ్ళండి. వార్షికోత్సవం రోజున కాదు, మామూలు మంగళవారం లాంటి రోజున, మధ్యాహ్నం పూట, పిల్లలూ టీచర్లూ అలసిపోయి ఉండే వేళకు. మీ అమ్మాయి కూర్చోబోయే ఆరో తరగతి గది చూపించమనండి. నోటు పుస్తకాలు తిరగేయండి. దిద్దిన గుర్తులు చూస్తే ఆ బడి ఏమిటో ఒక టీచరుగా మీకు పది నిమిషాల్లో తెలిసిపోతుంది. వీలైతే మీవారిని కూడా తీసుకెళ్ళండి. మీ బడికి కూడా ఆయన్ని ఒకరోజు రమ్మనండి. ఆయనకు తెలిసింది ఎన్నో ఏళ్ళ కిందటి బడి.

ఇక దారుల సంగతి.

ఆఫీసుల వైపు బడిలో చేరిస్తే ఇంట్లో గొడవ తగ్గుతుంది. సబ్జెక్టులు, క్లబ్బులు, పోటీలు అక్కడ ఎక్కువ ఉండవచ్చు. తోటివాళ్ళంతా చదువు మీద ధ్యాస ఉన్నవాళ్ళయితే కొందరు పిల్లలకు ఊపు వస్తుంది, కొందరు అదే చూసి బెదిరిపోతారు. మీ అమ్మాయి ఎలాంటిదో మీకు తెలియాలి. అంతా ఒకే రకం ఇళ్ళ నుంచి వచ్చిన తరగతిలో పెరగడం మాత్రం ఒక లోటే. దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ఢిల్లీలో 2007 నుంచి పెద్ద ప్రైవేటు బడులు పేద పిల్లల్ని కూడా చేర్చుకోవాల్సి వచ్చింది. అలా కలిసి చదివిన కలవారి పిల్లల్ని గౌతమ్ రావు అనే ఆర్థికవేత్త పరిశీలించి 2019లో ఫలితాలు అచ్చువేశాడు. పేద పిల్లలతో కలిసి కూర్చున్నవాళ్ళలో ఇచ్చే గుణం, సేవకు ముందుకొచ్చే గుణం పెరిగాయి. రిలే పందేనికి జట్టును ఎంచుకోమంటే, బాగా పరుగెత్తే పేద పిల్లవాడిని పేదవాడని పక్కన పెట్టడం తగ్గింది. మార్కుల్లో చూస్తే హిందీ, లెక్కలు మారలేదు. ఇంగ్లీషులో మాత్రం కొద్దిగా తగ్గుదల కనిపించింది. అది కూడా దాచకుండా చెబుతున్నాను. ఈ లాభం, ఆ చిన్న నష్టం రెండూ తూచుకోవాల్సింది మీరే.

ఈ దారిలో మీకు ఇంకో బాధ ఉంది. మీ హెడ్మాస్టరు మాటలో నిజం లేకపోలేదు. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లోనే ఈ సంగతి రాశాడు. బడి నాణ్యత తగ్గినప్పుడు ముందుగా వెళ్ళిపోయేది చదువు గురించి ఎక్కువ పట్టించుకునే తల్లిదండ్రులే. వాళ్ళు ఉంటే నిలదీసేవాళ్ళు, అడిగేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక అడిగే గొంతు ఉండదు, బడి ఇంకా దిగజారుతుంది. మీ ఊళ్ళో ఆ మూడు అంకెల మధ్య దూరం కొంత ఇలాగే పెరిగి ఉంటుంది. బోర్డు చూసి చదువుకున్నవాళ్ళు పిల్లల్ని మారుస్తారు. వాళ్ళు మారినందుకు అంకె ఇంకా పడుతుంది. పడ్డ అంకె చూసి ఇంకొందరు మారుస్తారు. ఇందులో ఏ ఒక్క తల్లిదీ తండ్రిదీ తప్పని చెప్పలేం. కానీ పదకొండేళ్ళ పిల్లను ఈ ప్రవాహానికి అడ్డుకట్టగా నిలబెట్టమని అడిగే హక్కు మీ హెడ్మాస్టరుకు లేదు, మీకూ లేదు. బడి పరువు కాపాడటానికి కూతుర్ని చేర్చకండి. అలా చేరిస్తే ఆమెకు తక్కువ మార్కులు వచ్చిన ప్రతిసారీ మీరు రెండు రకాలుగా బాధపడతారు. ఆ బరువు చివరికి ఆమె మీదే పడుతుంది.

మీ బడిలోనే చేర్చాలనుకుంటే దానికి వేరే మంచి కారణాలున్నాయి. అక్కడి టీచర్లు ఎవరెవరో మీకు తెలుసు. ఎక్కడ లోటు వస్తుందో ముందే తెలుస్తుంది, సాయంత్రం ఇంట్లో పూడ్చవచ్చు. ఇద్దరూ కలిసి వెళ్ళి కలిసి రావచ్చు. కానీ అమ్మ టీచరుగా ఉన్న బడిలో చదవడం పిల్లకు తేలిక కాదు. నేను చాలామందిలో చూశాను. స్నేహితులు టీచర్ల గురించి చెప్పుకునే మాటలు ఆమె రాగానే ఆగిపోతాయి. మంచి మార్కులు వస్తే అమ్మ వేసిందంటారు, తక్కువ వస్తే అమ్మ టీచరై ఉండీ అంటారు. ఈ దారి ఎంచుకుంటే ఆమె మీ తరగతిలో పడకుండా చూడమని ముందే మాట్లాడుకోండి. వేరే దారి లేక మీరే చెప్పాల్సి వస్తే ఆమె పేపర్లు ఇంకొకరితో దిద్దించండి. ఇంకో సంగతి. చురుకైన పిల్ల తరగతిలో ముందుంటే చాలని అందరూ ఆమెను వదిలేసే ప్రమాదం ఉంది. మిగతావాళ్ళకు భిన్నాలు మళ్ళీ చెబుతున్న నెలలో ఆమె ఏం చేస్తుంది? దానికి మీ దగ్గర జవాబు ఉంటేనే ముందుకు వెళ్ళండి.

పాత ఊరి బడి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. 74 కాబట్టి అటూ కాదు ఇటూ కాదని వదిలేసినట్టున్నారు. నాకు మాత్రం దాన్ని ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలనిపించింది. అన్ని ఇళ్ళ పిల్లలూ కలిసి కూర్చునే బడి మీ ఊళ్ళో అదొక్కటే. రాజ్ చెట్టి అనే ఆర్థికవేత్త బృందం అమెరికాలో ఏడు కోట్ల మందికి పైగా ఫేస్‌బుక్ వాడేవాళ్ళ స్నేహాలను పరిశీలించి 2022లో ఒక ఫలితం చెప్పింది. పేద పిల్లలకు కలిగిన ఇళ్ళ పిల్లలతో స్నేహాలు ఎక్కువగా ఉన్న ఊళ్ళలో, ఆ పేద పిల్లలు పెద్దయ్యాక పైకి రావడం కూడా ఎక్కువ. మీ అమ్మాయికి వచ్చే లాభం పక్కన పెట్టినా, ఆమె అక్కడ ఉండటం వల్ల ఇంకొకరికి కూడా మేలు జరగవచ్చు. పైగా అమ్మ నీడ ఉండదు. అక్కడ టీచర్లు ఎలా ఉన్నారో, ఎంత దూరమో నాకు తెలియదు. ఒకసారి వెళ్ళి చూశాకే వద్దనుకోండి.

ఏ బడి అయినా అది జీవితకాలపు నిర్ణయం కాదు. మొదటి ఏడాది పూర్తయ్యాక కూర్చుని మాట్లాడుకుందామని మీరిద్దరూ ఇప్పుడే అనుకోండి. మార్చాల్సి వస్తే ఏడాది చివర్లోనే మార్చండి. మధ్యలో బడి మారిన పిల్లలు ఎంత ఇబ్బంది పడతారో మీ తరగతిలో రోజూ చూస్తూనే ఉన్నారు.

ఇప్పుడు కోల్‌మన్ నివేదికలో గుర్తు పెట్టుకోమన్న మాట. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది కూతురి సంగతి కాదు. చివర్లో రాసిన "నేనే బదిలీ పెట్టుకుంటే ఈ గొడవ ఉండదేమో" అన్న మాట. మీ అమ్మాయికి మీరు అమ్మగా దొరికారు. ఏ బడిలో ఉన్నా దొరికే ఉంటారు. ఆమెకు ఈ బడికీ ఆ బడికీ మధ్య వచ్చే తేడా చిన్నది. మిల్లు వైపు పిల్లలకు మీరు ఉండటానికీ లేకపోవడానికీ మధ్య వచ్చే తేడా చాలా పెద్దది. ఇది మిమ్మల్ని ఊరడించడానికి అంటున్న మాట కాదు. చెట్టి, ఫ్రీడ్‌మన్, రాకాఫ్ 2014లో అచ్చువేసిన అధ్యయనాల్లో, పిల్లల్ని బాగా ముందుకు తీసుకెళ్ళే టీచరు దగ్గర ఒక్క ఏడాది చదివినా ఆ పిల్లలు కాలేజీలో చేరే అవకాశం, పెద్దయ్యాక వాళ్ళ సంపాదన పెరిగినట్టు తేలింది. కూతుర్ని వేరే బడిలో చేర్చినా మీరు మీ బడిలో ఉంటే మీరు ఎవరికీ ద్రోహం చేయడం లేదు. కూతుర్ని ఎక్కడ చదివించాలి, మీరు ఎక్కడ పాఠం చెప్పాలి అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మీరు వాటిని ఒకటిగా ముడివేసుకున్నారు.

అంకె గురించి మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది. ఇంగ్లండులో 2016లో సెకండరీ బడులకు ఒక కొత్త కొలత పెట్టారు. ఆఖరి మార్కులు మాత్రమే చూడకుండా, చేరేటప్పుడు ఒకే స్థాయిలో ఉన్న పిల్లలతో పోల్చి ఎంత ముందుకు వెళ్ళారో చూస్తారు. దానిలోనూ లోపాలున్నాయని అక్కడివాళ్ళే అంటారు, అయినా మొత్తం ఉత్తీర్ణత కంటే అది న్యాయమైన కొలత. మీరు మీ లెక్కల వరకే చేయండి. ఆరో తరగతి మొదటి వారంలో చిన్న పరీక్ష పెట్టండి. కూడికలు, భాగాహారాలు, భిన్నాలు, చదివి అర్థం చేసుకునే రెండు లెక్కలు. ఏడాది చివర్లో అదే రకం పరీక్ష మళ్ళీ పెట్టండి. ఎవరు ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చారో ఒక పుస్తకంలో రాసుకోండి. పాత ఊరి బడిలోనూ, ఆఫీసుల వైపు బడిలోనూ లెక్కలు చెప్పేవాళ్ళు ఒప్పుకుంటే అదే పరీక్ష అక్కడా పెట్టమనండి. ఫలితం మీకు నచ్చకపోవచ్చు. మీ బడి పిల్లలు తక్కువే ఎదిగారని తేలవచ్చు. అప్పుడు ఏ అధ్యాయం దగ్గర ఆగిపోయారో తెలుస్తుంది, పని మొదలుపెట్టవచ్చు. బాగా ఎదిగారని తేలితే, స్టాఫ్ రూములోనూ తల్లిదండ్రుల సమావేశంలోనూ చూపించడానికి 63 కాకుండా ఇంకో అంకె మీ చేతిలో ఉంటుంది.

ఇంగ్లండు కొలతకు అప్పుడప్పుడు ఒక విమర్శ వస్తుంది, అది మీకూ వర్తిస్తుంది. కొలత పెద్దదైతే పిల్లల కోసం కాకుండా కొలత కోసం పాఠం చెప్పడం మొదలవుతుంది. అందుకే ఆ పుస్తకాన్ని పిల్లలకు ర్యాంకులు ఇవ్వడానికి వాడకండి.

చివరగా మీ అమ్మాయి అడిగిన ప్రశ్న. మాట మార్చారు కాబట్టి ఆమె తన సొంత జవాబు తయారు చేసుకుని ఉంటుంది, "మంచిది కాదు" అని. ఈ వారంలోనే మళ్ళీ ఆ మాట ఎత్తండి. ఆ రోజు నాకు జవాబు తెలియక ఆగిపోయాను అని చెప్పండి. పదేళ్ళ పిల్లకు సింప్సన్ వైరుధ్యం అక్కరలేదు. మా బడిలో కొందరు పిల్లలు ఇంట్లో పుస్తకం పట్టుకునే వీలు లేకుండా వస్తారు, వాళ్ళు చాలా దూరం నడిచి వస్తారు కాబట్టి చివరికి ఎక్కడ ఆగారో ఒక్కటే చూస్తే వాళ్ళు ఎంత నడిచారో తెలియదు అని చెప్పండి. మా బడిలో బాగా జరిగేవి ఇవి, బాగా జరగనివి ఇవి అని రెండూ చెప్పండి. దాచకండి. ఆ తర్వాత మూడు బడులూ చూడటానికి ఆమెను కూడా తీసుకెళ్ళి, ఎక్కడ ఏం నచ్చిందో ఆమెనే అడగండి. మీరిద్దరూ నిర్ణయం తీసుకునే ముందు ఆ జవాబు కూడా మీ దగ్గర ఉండాలి.